వచ్చేవాడికి ఏం కావాలి?

మాదాపూర్‌లోనో జీడిమెట్లలోనో ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునే మిత్రులందరికీ నమస్కారం. దాడి చేసేవాళ్లంతా ఒకటే అనుకుంటే ఏ తలుపు ముందు మూయాలో తేలదు. వాడికి ఏం కావాలో తెలియాలి.

ఎక్కువమంది వచ్చేది డబ్బుకే. రాన్సమ్‌వేర్ ముఠాలనే తీసుకోండి, అంటే మీ ఫైళ్లు తెరుచుకోకుండా తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగేవాళ్లు. దూరం నుంచి కంప్యూటర్ నడిపించే రిమోట్ డెస్క్‌టాప్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం, బలహీనమైన పాస్‌వర్డ్ చాలు, లోపలికొస్తారు. రాగానే ఫైళ్లకు తాళం వేయరు. అడ్మిన్ అధికారం సంపాదిస్తారు, డేటా కాపీ చేసుకుంటారు, బ్యాకప్‌లు చెరిపేస్తారు. తాళం పడేది తరచూ వారాంతంలో, మీరంతా ఇంటికెళ్లాక. బ్యాకప్ డిస్క్ ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉంటే అదీ పోతుంది. ఒక కాపీ నెట్‌వర్క్‌కు అందకుండా విడిగా ఉంచండి, మూడు నెలలకోసారైనా దాన్నుంచి రీస్టోర్ చేసి చూడండి. ఆ పరీక్ష జరగని బ్యాకప్‌ను నేనైతే లెక్కలోకి తీసుకోను.

సెలవుల్ని ఎలా వాడుకుంటారో 2016 ఫిబ్రవరిలో ఆ దేశ కేంద్ర బ్యాంకైన బంగ్లాదేశ్ బ్యాంకు దోపిడీలో చూశాం. బ్యాంకుల మధ్య డబ్బు పంపే ఆదేశాలు నడిచే స్విఫ్ట్ వ్యవస్థలో నకిలీ ఆదేశాలు గురువారం రాత్రి వెళ్లాయి. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. ఆ బ్యాంకు ఖాతా ఉన్న న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. డబ్బు చేరిన మనీలాలో సోమవారం చైనా కొత్త సంవత్సరం సెలవు. 8.1 కోట్ల డాలర్లు పోయాయి. దీని వెనక ఉత్తర కొరియా ఉందని అమెరికా 2018లో అభియోగం మోపింది. అంటే ప్రభుత్వాల అండ ఉన్నవాళ్లు రహస్యాలకే వస్తారని అనుకోలేం.

రహస్యాలకు వచ్చేవాళ్లూ ఉన్నారు, టీకాల, మందుల పరిశోధన సంస్థలుండే జీనోమ్ వ్యాలీ ఉన్న మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం. 2020 నవంబరులో కొవిడ్ టీకా పరిశోధకులపై అలాంటి దాడులు జరిగాయని మైక్రోసాఫ్ట్ వెల్లడించింది, బాధిత సంస్థలున్న దేశాల్లో మనదీ ఒకటి. వీళ్లు ఏదీ పాడుచేయరు, నెలల తరబడి చప్పుడు లేకుండా ఉంటారు. అందుకే రాత్రిపూట బయటికి వెళ్లే డేటా ఎంతో రోజూ చూడాలి. సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నిబంధన ప్రకారం లాగ్‌లు, అంటే సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు ఉంచాలి.

సరదాకు, పేరు కోసం వచ్చే కుర్రాళ్లు, నిరసనగా వెబ్‌సైట్లు మార్చేసేవాళ్లు తెలిసిన లోపాలనే వాడతారు. ఆ లోపాలను సరిచేసే ప్యాచ్‌లు సమయానికి వేస్తే చాలావరకు ఆగిపోతారు.

ప్యాచ్‌తో ఆగనివాడు లోపలి మనిషి. ప్రమోషన్ రాలేదన్న కోపం, అప్పులు, కొత్త కంపెనీకి క్లయింట్ల జాబితా పట్టుకెళ్లాలన్న ఆశ. వాడికి తాళంచెవులు మనమే ఇచ్చాం. ఉద్యోగం మానేసిన రోజు ఈమెయిల్ ఆపి, బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రానిచ్చే వీపీఎన్, క్లౌడ్ సర్వర్లలోకి రానిచ్చే కీలు, నలుగురూ వాడే అడ్మిన్ పాస్‌వర్డ్ వదిలేస్తుంటారు. ఆ సాయంత్రమే అన్నీ మార్చాలి. హెచ్‌ఆర్ కబురు ఐటీకి అదే రోజు అందాలి.

దాడి జరిగితే సిస్టమ్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయండి, ఫార్మాట్ చేయకండి, ఆధారాలు పోతాయి. సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో తెలపాలి. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించే అవకాశం ఉంటుంది.