పత్రిక ఎవరి చేతిలో ఉంది?

సభకు నమస్కారం. ఒంగోలులో పత్రికల గురించి మాట్లాడాలంటే ప్రకాశం పంతులు గారితోనే మొదలుపెట్టాలి. ఈ పక్కనే వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆయన 1921లో మద్రాసు నుంచి స్వరాజ్య దినపత్రిక తెచ్చారు. ఇంగ్లిషు, తెలుగు, తమిళం, మూడింట్లోనూ నడిపారు. బారిస్టరుగా సంపాదించినదంతా అందులోనే పోశారు. సిబ్బందికి జీతాలు నెలనెలా అందేవి కావు. అయినా ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు లాంటి పాత్రికేయులు అక్కడే రాటుదేలారు. 1930ల నడుమ పత్రిక మూతపడింది. యజమాని అప్పులపాలయ్యాడు కానీ పత్రికను బేరం పెట్టలేదు. దీన్ని నేను గర్వంగా చెప్పుకుంటాను.

మన నెల్లూరు బిడ్డ ఖాసా సుబ్బారావు గారే 1938 ఆగస్టు 15న మొదలైన ఆంధ్రప్రభకు తొలి సంపాదకుడు. యజమాని రామ్‌నాథ్ గోయెంకా. 1991లో గోయెంకా పోయాక వారసుల మధ్య ఆయన పత్రికల సంస్థ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రెండు ముక్కలైంది. ఆంధ్రప్రభ దక్షిణాది వాటాలోకి వెళ్లి, తర్వాత ముత్తా గోపాలకృష్ణ గారి కుటుంబం చేతికి వచ్చింది. పేరు మాత్రం అదే. రోజూ ఆ పేరు చూసి కొనే పాఠకుడికి లోపల ఇల్లు చేతులు మారిందని ఎవరు చెప్పారు?

ఇక మనకు బాగా దగ్గరి కథ ‘ఉదయం’ దినపత్రికది. 1984 డిసెంబరు 29న దాసరి నారాయణరావు గారు మొదలుపెట్టారు, సంపాదకుడు ఏబీకే ప్రసాద్ గారు. కొన్నేళ్లకు దాన్ని మాగుంట సుబ్బరామిరెడ్డి గారు తీసుకున్నారు. మద్యం వ్యాపారంలో ఉన్న నెల్లూరు జిల్లా కుటుంబం ఆయనది. 1991లో ఒంగోలు నుంచే ఎంపీగా గెలిచారు. ఆ మరుసటి ఏడే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఈనాడు ఆ ఉద్యమాన్ని భుజాన వేసుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ రోజుల్లో ఒకే టీ కొట్టు బల్ల మీద ఈనాడు, ఉదయం రెండూ పడేవి. చదివేవాడికి అక్షరాలు కనిపిస్తాయి, వాటి వెనుక ఉన్న వ్యాపారం కనిపించదు. నా బాధంతా ఇదే. యజమానికి వ్యాపారం ఉండకూడదని నేను అనను, పత్రిక నడపాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఏ వ్యాపారంలోంచి వస్తోందో తెలిసి చదివే హక్కు మాత్రం మనకుంది. 1995లో ఉదయం ఆగిపోయింది. ఆ డిసెంబరు 1న ఒంగోలులోనే మాగుంట గారిని నక్సలైట్లు కాల్చి చంపారు. పత్రిక మూతపడ్డాక డెస్కులో, ప్రెస్సులో పనిచేసినవాళ్లు, జిల్లా విలేకరులు తలో దారి వెతుక్కున్నారు. వాళ్లలో చాలామంది తర్వాత వేరే పత్రికల్లో పేరు తెచ్చుకున్నారు.

మరి మనం ఎలా తెలుసుకోవాలి? చివరి పేజీలో అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఒక వరస ఉంటుంది: ముద్రించినది ఫలానా, ప్రచురించినది ఫలానా, సంపాదకుడు ఫలానా. దాన్ని ఎవరూ చదవరు. ఇది కాక, 2024లో కొత్త చట్టం వచ్చేదాకా అమల్లో ఉన్న 1956 నాటి నిబంధనల ప్రకారం ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ వెయ్యాల్సి ఉండేది. యజమాని పేరుతో పాటు, పెట్టుబడిలో ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్ల పేర్లూ చిరునామాలూ అందులో ఉండేవి. వాటాదారు ఇంకో కంపెనీ అయితే దాని వెనుక ఎవరున్నారో కూడా వెతకాలి. అక్కడే అసలు పని మొదలవుతుంది.

జర్నలిజం చదువుతున్న పిల్లలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఒక పని అప్పజెబుతున్నాను. గ్రంథాలయానికి వెళ్లి, పాత బైండు సంచికల్లో మార్చి మొదటి వారం తీయండి. ఒకే పత్రికకు పదేళ్ల ఫారం 4లు వరసగా రాసుకోండి. ఎక్కడ పేరు మారిందో, ఆ తర్వాత మొదటి పేజీలో ఏం మారిందో చూసి నాకు చూపించండి.