వెనుక యాక్సిల్ ఆయిల్ సీల్ మార్చినా మళ్లీ ఎందుకు కారుతుంది? ఇంట్లో చేసుకునే రిపేరు, మొదటి నుంచి చివరిదాకా

దృశ్యం: వెనుక చక్రం లోపలివైపు. టైరు గోడ మీద నల్లటి తడి చార.

వాయిస్: లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన వెనుక చక్రాల డ్రైవు కారులో ఈ చార కనిపిస్తే చాలామంది కొత్త ఆయిల్ సీల్, అంటే చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, కొనేస్తారు. అది వేసిన కొన్నాళ్లకే మళ్లీ తడి. సీల్ దానంతటది పాడవడం తక్కువ, దాన్ని పాడు చేసేది వేరే ఉంటుంది. ఆ కారణం పట్టుకోకుండా సీల్ మారిస్తే పని రెండుసార్లు చేసినట్టే.

ముందు ఆ తడి ఏమిటో తేల్చుకోండి. వేలికి రాసుకుని వాసన చూడండి. చిక్కగా, గంధకం ఘాటు కొడితే గేర్ ఆయిల్. పల్చగా ఉండి, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంటే అది వీల్ సిలిండర్ (బ్రేకు షూలను తోసే చిన్న సిలిండర్) లీకు. దాని రిపేరు వేరు.

దృశ్యం: యాక్సిల్ హౌసింగ్ (షాఫ్ట్‌లూ గేర్లూ ఉండే లోహపు తొడుగు) పైభాగం. మట్టి కప్పేసిన చిన్న టోపీ లాంటి బ్రీదర్.

వాయిస్: అసలు దోషి చాలాసార్లు ఇదే. బండి నడిచేకొద్దీ హౌసింగ్ లోపల ఆయిలూ గాలీ వేడెక్కుతాయి. ఆ ఒత్తిడి బయటికి పోవాల్సిన దారి ఈ బ్రీదర్. మట్టితో మూసుకుపోతే ఒత్తిడి వేరే దారి వెతుక్కుంటుంది, ఆయిల్‌ని సీల్ పెదవి (షాఫ్ట్‌కి ఆనే సన్నటి అంచు) మీదుగా తోసేస్తుంది. విప్పి, కడిగి, నోటితో ఊది చూడండి. టోపీ వేలితో తిప్పితే కదలాలి. బిగిసిపోయి ఉంటే కొత్తది వేయండి. ఈ రిపేరు మొత్తంలో ఇంత చవకైన భాగం మరొకటి లేదు, దీన్ని మాత్రం వదలొద్దు.

రెండో అనుమానం బేరింగ్ మీద. అది అరిగితే షాఫ్ట్ పైకీ కిందికీ ఊగుతుంది, సీల్ పెదవి ఒకవైపు నలిగిపోతుంది. చక్రం ఎత్తి, పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపండి. ఊగితే బేరింగ్ పోయినట్టే. శబ్దంతోనూ పట్టుకోవచ్చు. వేగంతో పెరిగే హోరు యాక్సిలరేటర్ వదిలినా అలాగే ఉండి, మలుపు తిప్పినప్పుడు మారితే బేరింగ్. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా కూస్తే యాక్సిల్ మధ్యలో ఉండే క్రౌన్, పినియన్ గేర్ల వైపు చూడాలి.

దృశ్యం: చదును నేల. ముందు చక్రాలకు రెండువైపులా అడ్డు దిమ్మలు. యాక్సిల్ గొట్టాల కింద స్టాండ్లు.

వాయిస్: బ్రేక్ డ్రమ్ ఊడాలంటే హ్యాండ్ బ్రేక్ వదిలేయాలి. అంటే బండిని ఆపేది ముందు చక్రాల దిమ్మలే. జాకీ ఎత్తడానికే, దాని మీద బండి నిలబెట్టి కిందికి వెళ్లొద్దు. మనం తర్వాత షాఫ్ట్‌ని గట్టిగా గుంజాలి కాబట్టి స్టాండ్లు ఎక్కించాక బండిని ఓసారి ఊపి చూడండి.

ఆయిల్ తీసేటప్పుడు ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పండి. డ్రెయిన్ ప్లగ్ ముందు తీసి, ఫిల్లర్ బిగుసుకుపోయిందని తెలిస్తే ఆయిల్ లేని బండి మీ చేతిలో ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిద రంగు ముద్ద మామూలే. గోటికి తగిలే ముక్కలు, గేర్ల పళ్ల విరుగులు కనిపిస్తే ఇక్కడే ఆగండి. క్రౌన్, పినియన్ సర్దుబాటుకి డయల్ గేజీ (సన్నటి కదలికను కొలిచే పరికరం) కావాలి, అది ఇంట్లో అంచనాతో చేసే పని కాదు.

డ్రమ్ రాకపోతే సుత్తితో అంచులు పగలగొట్టొద్దు. చాలా డ్రమ్ములకు మరలున్న రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపడే బోల్టులు సమంగా బిగిస్తే డ్రమ్ తనే బయటికి వస్తుంది. లోపలి దుమ్మును గాలితో ఊదకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

దృశ్యం: బ్యాక్ ప్లేటు (బ్రేక్ షూలు బిగించిన పలక) వెనక నాలుగు నట్లు. తర్వాత షాఫ్ట్ బయటికి రావడం.

వాయిస్: బేరింగ్‌ని షాఫ్ట్ మీద కాలర్ (బిగుతుగా ఎక్కించిన ఇనుప రింగు) పట్టి ఉంచే రకంలో నాలుగు నట్లు తీస్తే షాఫ్ట్, బేరింగ్, కాలర్ కలిసి వస్తాయి. స్లైడ్ హ్యామర్ (జారే బరువుతో గుంజే పనిముట్టు) లేకపోతే డ్రమ్‌ని తిరగేసి స్టడ్లకు తగిలించి, నట్లు నాలుగైదు మరలు మాత్రం ఎక్కించి, ఆ ఖాళీలో గట్టిగా గుంజండి. బ్యాక్ ప్లేటుని మాత్రం లాగొద్దు, దానికి బ్రేకు పైపు ఉంది.

కొన్ని కార్లలో షాఫ్ట్‌ని డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) లోపల సి ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది. వాటికి వెనక కవర్ విప్పి, లాక్ బోల్టు తీసి, అడ్డంగా ఉన్న పిన్ను లాగి, షాఫ్ట్‌ని లోపలికి నెడితే క్లిప్పు రాలుతుంది. పిన్ను బయట ఉండగా షాఫ్ట్ తిప్పొద్దు, చిన్న గేర్లు జారి వచ్చేస్తాయి. ఇక్కడ బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్ట్ మీదే తిరుగుతాయి. అక్కడ గుంటలు పడితే కొత్త బేరింగ్ ఒక్కటే చాలదు.

దృశ్యం: షాఫ్ట్ మీద సీల్ ఆనే చోటు, దాని మీద గోరు.

వాయిస్: మూడో కారణం ఇది. గోటితో అడ్డంగా గీరండి. గాడి తగిలితే ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ ఆ గాడిలోంచే వస్తుంది. సన్నటి రిపేర్ స్లీవ్ ఎక్కించడమో, షాఫ్ట్ మార్చడమో చేయాలి. హౌసింగ్‌లో చోటుంటే సీల్‌ని రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టినా పెదవి గాడి తప్పి ఆనుతుంది. కొన్ని కార్లలో పెదవి ఆనేది కాలర్ మీదే. అలాంటప్పుడు కొత్త కాలర్‌తో గాడి బాధ తీరిపోతుంది.

పాత కాలర్‌కి డ్రిల్లుతో రంధ్రం వేసి, ఉలితో ఒక దెబ్బ వేస్తే చీలుతుంది. రంధ్రం షాఫ్ట్‌దాకా దిగకూడదు. గ్యాస్ మంట అసలొద్దు, వేడికి షాఫ్ట్ గట్టిదనం పోతుంది. కొత్తవి ఎక్కించడానికి ప్రెస్సు కావాలి, అందుకే షాఫ్ట్ పట్టుకుని ప్రెస్సు ఉన్న వర్క్‌షాప్‌కి వెళ్లండి. వరుస మరవొద్దు: ముందు రిటైనర్ ప్లేటు (బేరింగ్‌ని హౌసింగ్‌కి పట్టి ఉంచేది), తర్వాత బేరింగ్, చివర కాలర్. ప్లేటు మరిచిపోతే కొత్త కాలర్ మళ్లీ పగలగొట్టాల్సిందే. ఒత్తిడి బేరింగ్ లోపలి వలయం మీదే పడాలి. బయటి వలయం మీద నొక్కితే ఆ బలం గుండ్ల మీదుగా పోయి గుంటలు పడతాయి, కొత్త బేరింగే హోరెత్తుతుంది.

పాత సీల్ ఎంత లోతులో ఉందో కొలిచాకే తీయండి. కొత్తదాని పెదవికి గ్రీజు రాసి, సీల్ బయటి అంచుకి సరిపడే సాకెట్‌తో చుట్టూ సమంగా కొట్టండి. షాఫ్ట్ దూర్చేటప్పుడు దాని బరువు సీల్ మీద వాలకూడదు, షాఫ్ట్ లోపలి కొన మీది స్ప్లైన్ పళ్లు పెదవిని కోసేస్తాయి. ఒక చేత్తో ఎత్తిపట్టి, మెల్లగా తిప్పుతూ పోనివ్వండి.

ఆయిల్ తాగిన బ్రేక్ షూలను కడిగి వాడొద్దు. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది, బ్రేకు ఒకవైపే పట్టి బండి లాగేస్తుంది. రెండు చక్రాలకూ కొత్తవి వేయండి.

దృశ్యం: ఫిల్లర్ రంధ్రం కింది అంచు నుంచి ఆయిల్ సన్నగా పొర్లడం.

వాయిస్: ఆయిల్ గ్రేడు మాన్యువల్ చెప్పిందే పోయాలి. ఎక్కువ కార్లకు జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 లేదా 75డబ్ల్యూ-90 ఉంటుంది. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) ఉంటే దానికి తగిన ఆయిలే వాడాలి. బండి నాలుగు వైపులా సమంగా ఉండగా రంధ్రం కింది అంచుదాకా నింపండి. ఇంకాస్త పోస్తే మంచిదనుకోవద్దు, ఎక్కువైన ఆయిల్ కూడా సీల్ వైపే పోతుంది. చక్రాల నట్లు ఎదురెదురుగా, మాన్యువల్‌లోని టార్కుకి బిగించండి.

పది కిలోమీటర్లు నడిపి, రెండు వెనుక చక్రాల్లో ఒక్కోదాని నడిమి భాగానికి అరచేయి దగ్గరగా పెట్టి వేడి పోల్చండి. ఒకటి బాగా కాలుతుంటే ఆ వైపు డ్రమ్ విప్పి, బ్రేకు పట్టేస్తోందేమో ముందు చూడండి. వంద కిలోమీటర్లకి నట్ల బిగువు మళ్లీ సరిచూసి, బ్యాక్ ప్లేటు కింది అంచుని తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకి ఆయిల్ అంటితే మొదట బ్రీదర్, తర్వాత ఆయిల్ మట్టం చూసి, ఆ తర్వాతే షాఫ్ట్ విప్పండి.