సెమీ ఆటో 12 బోరుకి రీకాయిల్ ప్యాడ్లు: భుజానికి పనికొచ్చేదేంది?

నమస్కారం అన్నా, అక్కా. 12 బోరు సెమీ ఆటో, అంటే తర్వాతి తూటా తనే ఎక్కించుకునే తుపాకీ, పేలినప్పుడు వెనక్కి భుజాన్ని తంతది, ఆ తన్నే రీకాయిల్. దాని కోసం బల్ల మీద మూడు వస్తువులుండాయి చూడండి. స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాని చివరికి మేజోడు మాదిరి తొడిగే రబ్బరు ప్యాడు, స్క్రూలతో బిగించే ప్యాడు, స్టాక్ లోపల పెట్టే పాదరసం ట్యూబు. మూడూ అమ్మేవాళ్ళే ఊరికే పంపించారు, రివ్యూకి డబ్బులేం తీసుకోలా. కొలతలన్నీ డబ్బా మీదే ఉండాయి, అవి చదవను.

ముందు తొడిగే ప్యాడు. ఇదంటే నాకు కోపం. మెత్తగానే ఉంటది, భుజానికి సుఖంగానే ఉంటది. కానీ స్టాక్ పొడవు దాదాపు 25 మిల్లీమీటర్లు పెంచేస్తది. ట్రిగ్గర్ మధ్య నుంచి బట్ (స్టాక్ వెనక చివర) మధ్య దాకా ఉండే పొడవు మామూలుగా 355 నుంచి 370 మిల్లీమీటర్లు. దాని మీద ఇంకో అంగుళం పడితే తుపాకీ ఎత్తేటప్పుడు బట్టు చంక కింద చిక్కుకుంటది. తొందరలో అది భుజం గుంటలో కూర్చోకుండా చెయ్యి కండ మీద కూర్చుంటది. రెండు రౌండ్లకే కండ నల్లగా కమిలిపోతది. అప్పుడు ‘తుపాకీ బాగా తంతుండాది’ అని ఇంకో మెత్త ప్యాడు కొంటారు, పొడవు ఇంకా పెరుగుతది!

పొడవు సరిపోయిందో లేదో చూసుకోవడం తేలిక. తూటాలు నింపే మ్యాగజైన్, తూటా పేలే చాంబర్ రెండూ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి కూడా తడిమినాక, తుపాకీ భుజానికి ఆనించి చెంప స్టాక్ మీద పెట్టండి. బొటనవేలి కణుపుకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. తక్కువుంటే పేల్చినప్పుడు కణుపొచ్చి ముక్కుకి తగులుతది. ఎక్కువుంటే ఇందాక చెప్పిన చంక గొడవే. చలిదేశాల కొలతలు దళసరి కోటు మీద వేసుకునేవి. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకి పల్చటి కాటన్ చొక్కా కదా, ఇంకో 5, 6 మిల్లీమీటర్లు పొడవున్నా ఇబ్బంది లేదు.

స్క్రూల ప్యాడు మాత్రం నాకు బాగా నచ్చింది. ఇట్ట దగ్గరగా చూడండి. వెనక రబ్బరులో సన్నటి చీలికలు రెండుండాయి, స్క్రూలు వాటి లోపల దాక్కోనుండాయి. పొడి స్క్రూడ్రైవర్ పొడిస్తే చీలిక చిరిగి జీవితాంతం నోరు తెరుచుకోనే ఉంటది. పొడుగ్గా, సన్నగా ఉండే డ్రైవర్‌కి సబ్బు నురగ రాసి మెల్లగా తిప్పుతా దించండి, అది మూసుకుంటది.

ప్యాడు స్టాక్ కంటే కాస్త పెద్దగా వస్తది, అరగదీయాలి. బిగించి చుట్టూ సూదితో గీత గీసి, ఊడదీసి అరగదీయండి. స్టాక్ మీద పెట్టి రుద్దితే పాలిష్ పోతది. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే పైఅరలో పెడితే రబ్బరు గట్టిపడి శుభ్రంగా తెగుతది. 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, గీత దగ్గరికొచ్చినాక 220కి మారండి. మాస్కు తప్పనిసరి. పైఅంచు మాత్రం గుండ్రంగా, నున్నగా ఉండాలి, లేకపోతే చెమటకి తడిసిన చొక్కా పట్టుకుంటది.

ప్యాడు తుపాకీ తన్నును తగ్గించదు. ఆ తన్నును కొంచెం ఎక్కువసేపు, ఎక్కువ చోటు మీద పరుస్తది. భుజానికి కావాల్సిందీ అదే.

ఇక పాదరసం ట్యూబు. 3.2 కిలోల తుపాకీకి 300 గ్రాములు కలిస్తే తన్ను శక్తి 9 శాతం దాకా తగ్గుతది. అది బరువు చేసే పని, అంతే బరువు సీసం పెట్టినా అదే వస్తది. అదే 32 గ్రాముల గుళ్ళుండే తూటా మానేసి, అదే వేగంతో పోయే 28 గ్రాములది వాడితే సుమారు 20 శాతం తగ్గుతది. ఇంకోటి. ఇనర్షియాతో, అంటే తన్నినప్పటి కదలికతోనే, పనిచేసే సెమీ ఆటోలో తుపాకీ వెనక్కి కదిలితేనే చాంబర్‌ని మూసే బోల్టు స్ప్రింగు నొక్కుకుంటది. బరువు పెంచితే ఆ కదలిక తగ్గుతది, 24 గ్రాముల తూటాలకి ఖాళీ కేసు బయటికి రాకుండా ఇరుక్కుంటది. తూటా పేలిన గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోకి ఆ బాధ తక్కువే, అయినా వెనక బరువెక్కి మూతి తేలిపోతది. ఈ ట్యూబు వద్దు.

పాత బ్రౌనింగ్ ఆటో-5 (పేల్చినప్పుడు బ్యారెల్ కూడా వెనక్కొచ్చే సెమీ ఆటో) ఉన్నోళ్ళు డబ్బులు పెట్టే ముందు ఫోరెండ్, అంటే బ్యారెల్ కింద చెయ్యి పట్టుకునే చెక్క, విప్పి చూడండి. మ్యాగజైన్ ట్యూబు మీద పెద్ద స్ప్రింగు, ఒక స్టీలు రింగు, బ్రేకు మాదిరి పట్టుకునే ఒక కంచు ముక్క ఉంటాయి. గట్టి తూటాలకైతే స్టీలు రింగు స్ప్రింగుకీ కంచు ముక్కకీ మధ్య ఉండాలి, వాలుగా ఉండే పక్క కంచు వైపుకి. తేలిక తూటాలకైతే రింగు స్ప్రింగు వెనకాల, రిసీవర్ (బోల్టు ఉండే మధ్య భాగం) వైపు. తేలిక అమరికలో ఉంచి గట్టి తూటాలు కాలిస్తే బ్యారెల్ గుద్దుకుంటా వెనక్కొస్తది, భుజం నొప్పి సరే, ఫోరెండ్ చెక్క పగులుద్ది. రింగు మార్చడానికి పైసా ఖర్చు లేదు. ఆ మ్యాగజైన్ ట్యూబుకి గ్రీజు దట్టంగా పూసినా బ్రేకు జారిపోతది, పల్చగా నూనె తుడిస్తే చాలు.

మూతి దగ్గర బిగించేవి, బ్యారెల్‌కి బెజ్జాలు కొట్టించడం మాత్రం అడగొద్దు. మూతి దగ్గరికొచ్చేసరికి 12 బోరులో గ్యాస్ ఒత్తిడి చాలా తక్కువ, లాభం స్వల్పం, పక్కనోళ్ళ చెవులకి మోత మాత్రం ఖాయం. శబ్దం, మంట తగ్గించే పరికరాలైతే 2016 ఆయుధ నిబంధనల్లో నిషేధిత వర్గంలో ఉండాయి.

స్క్రూల ప్యాడు కొనండి. తొడిగేది పొట్టి స్టాక్ ఉన్నోళ్ళకే. బిగించినాక ఇంట్లో మూలకి బట్టు కింద పెట్టి ఆనించొద్దు, నూనె కిందికి కారి చెక్కని, రబ్బరుని రెంటినీ నాననిస్తది. శుభ్రం చేసిన రాత్రి మూతి కిందికి పెట్టి గుడ్డ మీద ఉంచండి. కావలి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి ఉండే ఇళ్ళల్లో ఆ రెండు స్క్రూలకి ఆరు నెలలకొకసారి బొట్టు నూనె పెట్టండి, తుప్పు పట్టి తల అరిగిందంటే ప్యాడు కోసి తీయాల్సొస్తది.