డీజే మిక్సర్: ముందు గెయిన్, ఆ తర్వాతే మాస్టర్

(తెరపై: హనుమకొండలో ఒక సౌండు షెడ్డు. బల్ల మీద నాలుగు ఛానళ్ల డీజే మిక్సర్, పక్కన లాప్‌టాప్. గోడ వైపు రెండు టాపులు, ఒక బేస్ బాక్సు.)

నమస్కారం. పెళ్లి బారాత్‌కు, వినాయక నిమజ్జనానికి, సద్దుల బతుకమ్మకు సౌండు పెట్టేవారి కోసం ఈ వీడియో. పాటలను, మైకును కలిపి బాక్సులకు పంపే ఈ మిక్సర్ ముందు మొదటిసారి కూర్చున్నవారికి ఇన్ని నాబులు చూస్తే కంగారు పుడుతుంది. ఒక ఛానల్, అంటే ఒక పాట వచ్చే దారి, అర్థమైతే మిగతా మూడూ అర్థమైనట్టే, అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఆ ఛానల్‌లో అన్నిటికంటే పైన ఉండే చిన్న నాబు పేరు గెయిన్. కొన్ని మిక్సర్ల మీద ట్రిమ్ అని రాసి ఉంటుంది. దాన్ని పట్టించుకునేవారు తక్కువ. నేను చూసినంతలో, లోపలి కాయిల్ (తీగచుట్ట) కాలి రిపేరుకు వచ్చే టాపుల్లో, అంటే బేస్ కాక మిగతా సౌండు ఇచ్చే బాక్సుల్లో, చాలా వాటికి జబ్బు ఈ నాబు దగ్గరే మొదలైంది. అందుకే ఈరోజు ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుదాం.

(తెరపై: కెమెరా ఒకటో ఛానల్‌ను పై నుంచి కిందికి నెమ్మదిగా చూపిస్తుంది. వేలు ఒక్కో నాబు మీద ఆగుతుంది.)

పాట మిక్సర్‌లోకి వెనక నుంచి వస్తుంది. పైన ఉన్న స్విచ్‌తో అది ఏ దారిన రావాలో చెబుతాం. తర్వాత గెయిన్. దాని కింద సన్నని, నడిమి, బేస్ ధ్వనులను విడివిడిగా పెంచి తగ్గించే హై, మిడ్, లో అనే మూడు ఈక్యూ నాబులు. ఆ కింద బేస్‌నో, సన్నని ధ్వనినో కోసేసే ఫిల్టర్, చివర నిలువుగా కదిలే ఛానల్ ఫేడర్. అక్కడి నుంచి ఒక పాట నుంచి ఇంకో పాటకు మార్చే క్రాస్‌ఫేడర్ మీదుగా, మొత్తం సౌండును పెంచి తగ్గించే మాస్టర్‌కు, మాస్టర్ నుంచి బాక్సులకు శక్తినిచ్చే యాంప్లిఫయర్‌కు. ఈ వరస గుర్తుంటే, సౌండులో తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

స్విచ్ సంగతి రెండు ముక్కల్లో. లైన్, ఫోనో అని రెండు గుర్తులు ఉంటాయి. ఫోనో అంటే గ్రామఫోను రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ కోసం. దాని ముల్లు నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి మిక్సర్ లోపల దాన్ని బాగా పెంచుతారు, బేస్‌ను ప్రత్యేకంగా సరిచేస్తారు. లాప్‌టాప్, ఫోను, సీడీ ప్లేయర్ ఏది పెట్టినా స్విచ్ లైన్ మీదే ఉండాలి. పొరపాటున ఫోనో మీద ఉంటే పాట మొదలైన మొదటి దెబ్బకే సౌండు పగిలిపోతుంది.

(తెరపై: గెయిన్ నాబు దగ్గరగా. పక్కనే ఛానల్ మీటర్: కింద ఆకుపచ్చ, పైన పసుపు, చివర ఎరుపు.)

ఇక గెయిన్. దాని పని ఒక్కటే: వచ్చిన పాటను మిక్సర్‌కు సరిపోయే స్థాయికి తేవడం. క్యాసెట్ల కాలంలో రికార్డు చేసిన బతుకమ్మ పాటలు చాలా వరకు మెల్లగా ఉంటాయి. ఈమధ్య స్టూడియోల్లో చేసిన జానపదాలు గట్టిగా ఉంటాయి. రెండింటినీ ఒకే గెయిన్‌తో వేస్తే ఒకటి వినబడదు, ఒకటి మీద పడుతుంది. అందుకని పాట మారినప్పుడల్లా గెయిన్ చూసుకోవాలి.

ఎలా చూడాలో చేసి చూపిస్తాను. ఛానల్ ఫేడర్ పూర్తిగా కిందికి దించాను. ఈక్యూ నాబులు మూడూ నడిమధ్యలో ఉన్నాయి, ఫిల్టర్ కూడా అంతే. ఇప్పుడు పాటలో అన్నిటికంటే గట్టిగా ఉండే చోటు, అంటే డప్పులన్నీ కలిసి మోగే చోటు వేస్తున్నాను. మొదట్లో ఉండే ఫ్లూటు ముక్క చూసి గెయిన్ పెడితే, డప్పు పడగానే అంచనా తప్పుతుంది. గెయిన్ నెమ్మదిగా పెంచుతున్నాను. మీటర్ ఆకుపచ్చ దాటింది, సున్నా గుర్తు దగ్గర పసుపు తొంగిచూస్తోంది. ఇక్కడ ఆగాలి. ఎరుపుకు ముందు మిగిలిన ఆ జాగా ఖాళీగా ఉండాలి. హఠాత్తుగా పెద్ద దెబ్బ పడితే పట్టడానికి చోటు అదే.

(తెరపై: గెయిన్ పూర్తిగా పెంచుతారు. ఛానల్ మీటర్‌లో ఎరుపు ఆగకుండా వెలుగుతుంది. తర్వాత మాస్టర్ నాబు సగానికి తగ్గిస్తారు.)

ఇప్పుడు కావాలనే తప్పుగా పెడుతున్నాను. గెయిన్ చివరిదాకా తిప్పాను, ఎరుపు వెలుగుతోంది. సౌండు ఎక్కువైందని మాస్టర్ తగ్గిస్తున్నాను. మీ హెడ్‌ఫోన్‌లో జాగ్రత్తగా వినండి. సౌండు తగ్గింది, చీలిక మాత్రం పోలేదు. పాడే గొంతు చుట్టూ గరగర అలాగే ఉంది. బోరు నుంచి మట్టి నీళ్లు వస్తుంటే నల్లా తిప్పి ధార సన్నం చేయగలం, మట్టిని తీయలేం. ఇదీ అంతే. ఛానల్‌లో పాడైనదాన్ని మాస్టర్ బాగు చేయలేదు.

ఎరుపు వెలిగినప్పుడు లోపల జరిగేది ఇది. సౌండు అలకు గుండ్రని శిఖరం ఉంటుంది. మిక్సర్ ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోగానే ఆ శిఖరం తెగి చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చదునైన అలలో, అసలు పాటలో లేని సన్నని (హై) ధ్వనులు కొత్తగా పుడతాయి. అవి నేరుగా టాపులోని చిన్న డ్రైవర్‌కు, అంటే సన్నని ధ్వని ఇచ్చే స్పీకర్‌కు వెళతాయి. దాని కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం. వేడి తట్టుకోలేక అది తెగుతుంది. బాక్సు మీద రాసిన వాట్లు ఎక్కువే కదా, ఎలా కాలిందని అడుగుతుంటారు. బేస్ కోన్ తట్టుకునే వాట్లు వేరు, ఈ సన్నని కాయిల్ తట్టుకునే వాట్లు వేరు.

(తెరపై: మూడు ఈక్యూ నాబులు. లో నాబు మీద వేలు.)

ఈక్యూ గురించి నాదొక గట్టి అభిప్రాయం: ఇవి తగ్గించడానికే. బజారులో దొరికే పేరున్న మిక్సర్లు చాలా వాటిలో ఈ నాబును కుడికి తిప్పితే సౌండు 6 డెసిబెల్స్ (సౌండు కొలత) పెరుగుతుంది, ఎడమకు తిప్పితే 26 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. తయారుచేసినవారి ఉద్దేశం అందులోనే కనిపిస్తుంది. 6 డెసిబెల్స్ తక్కువేమీ కాదు. బేస్‌కు 6 డెసిబెల్స్ కలిపితే ఆ బేస్ కోసం యాంప్లిఫయర్ నాలుగు రెట్లు శక్తి ఇవ్వాల్సి వస్తుంది. బారాత్‌లో ఎవరో వచ్చి ‘అన్నా, బేస్ పెంచు’ అనగానే లో నాబు తిప్పేస్తే, అంతవరకు హాయిగా నడుస్తున్న యాంప్లిఫయర్‌కు ఆ క్షణమే ఊపిరి బిగబడుతుంది. దానికి బదులు మిడ్, హై కొంచెం తగ్గించి చూడండి. బేస్ ముందుకు వచ్చినట్టే వినిపిస్తుంది, మీటర్ ఎరుపెక్కదు.

లో నాబుకు ఇంకో మంచి ఉపయోగం ఉంది. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లేటప్పుడు రెండింటి బేస్ ఒకేసారి మోగితే గందరగోళంగా, ఏదీ తెలియకుండా అవుతుంది. వచ్చే పాటకు లో తగ్గించి ఫేడర్ ఎత్తండి. దరువు కలిశాక, పోయే పాట లో తగ్గిస్తూ వచ్చే పాట లో నడిమికి తెండి. రెండు చేతులూ ఒకేసారి కదలాలి. సాధన మీద వస్తుంది.

(తెరపై: క్రాస్‌ఫేడర్, పక్కనే ఎ, థ్రూ, బి గుర్తులు.)

క్రాస్‌ఫేడర్ అవసరం మన పనుల్లో తక్కువ. రికార్డును ముందుకు వెనక్కి రుద్ది చప్పుడు పుట్టించే స్క్రాచింగ్ చేసేవారికి అది ప్రాణం. బారాత్ బండి మీద గతుకుల్లో వెళ్తూ పొరపాటున చెయ్యి తగిలితే పాట ఆగిపోతుంది. అందుకని ఛానళ్లన్నీ థ్రూ మీద, అంటే క్రాస్‌ఫేడర్‌తో పని లేకుండా పెట్టి దాన్ని వదిలేయండి.

క్యూ బటన్ నొక్కితే, ఫేడర్ దించి ఉన్నా ఆ ఛానల్ పాట మీ హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, జనానికి వినబడదు. పక్కన ఉన్న మిక్స్ నాబు ఒకవైపు తిప్పితే క్యూ, ఇంకోవైపు తిప్పితే బయట మోగుతున్న పాట. హెడ్‌ఫోన్ వాల్యూమ్ విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు వినవచ్చని, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. అంటే 100 డెసిబెల్స్ వద్ద 15 నిమిషాలే. బండి మీద బాక్సుల వెనకే నిలబడి, వాటిని మించి వినబడాలని హెడ్‌ఫోన్ పెంచితే, ఆ పదిహేను నిమిషాలు రెండు మూడు పాటల్లోనే అయిపోతాయి. పోయిన వినికిడి తిరిగి రాదు.

(తెరపై: మైకు ఛానల్. చేతి మైకు పట్టుకున్న చెయ్యి దగ్గరగా.)

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాడు, పద్మాక్షి గుట్ట కింద సద్దుల నాడు ఆడేది పాటతోనే. ఒకరు పాట ఎత్తుకుంటారు, చుట్టూ తిరిగేవారు ఉయ్యాలో అని అందుకుంటారు, చప్పట్లతో దరువు పడుతుంది. అక్కడ సౌండు పెట్టే మన పని, ఎత్తుకున్న ఆ గొంతు వలయంలో చివరి మనిషి దాకా తేటగా వెళ్లేలా చూడటం. పక్కన రికార్డు పాట గట్టిగా మోగిస్తే పాడేవారు మెల్లగా మానేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మైకు ఛానల్‌కు విడిగా ఒక లెవెల్ నాబు, హై, లో నాబులు ఉంటాయి. ముందు మైకు లో తగ్గించండి. మాటలో అర్థాన్ని మోసేవి హల్లులు. వాటి తేట సన్నని ధ్వనుల వైపు, 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. కింది బరువు తీసేస్తే గొంతుకు నష్టం లేదు, చేతి రాపిడి, గాలి చప్పుడు పోతాయి. నేపథ్యంలో సంగీతం ఉంటే ఆ ఛానల్ మిడ్ కొంచెం తగ్గించండి, గొంతు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

మైకు కూత పెట్టడానికి కారణం దూరం. బాక్సులోంచి వచ్చిన సౌండు మళ్లీ మైకులోకి దూరి, అదే తిరిగి బాక్సులోకి వెళ్లి, ఆ చక్రం ఆగదు. మైకు నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. దూరం రెండింతలైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. దాన్ని సరిచేయడానికి లెవెల్ పెంచితే కూత మొదలవుతుంది. మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోకూడదని పాడే అక్కకు ముందే, మర్యాదగా చెప్పండి. జాలీ మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ సౌండు లాగేస్తుంది. బాక్సులు వలయానికి బయట, పాడేవారు ఏ పక్కకు తిరిగినా మైకు బాక్సుకు ఎదురుపడని చోట ఉండాలి. ఆమె నడుస్తూ పాడుతుంది కాబట్టి, మొదలుపెట్టే ముందే మైకు పట్టుకుని మీరే ఒక చుట్టు తిరగండి. ఎక్కడ కూస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

టాక్ ఓవర్ అనే స్విచ్ ఉంటే, మైకులో మాట రాగానే పాట తానే తగ్గుతుంది. పెళ్లిలో ప్రకటనలకు బాగుంటుంది. పాటకు మాత్రం వాడొద్దు, గొంతు ఆగిన ప్రతిచోటా సంగీతం ఎగిసిపడుతుంది.

(తెరపై: మిక్సర్ వెనక భాగం. ఎక్స్‌ఎల్‌ఆర్, ఆర్‌సీఏ సాకెట్లు. తర్వాత మాస్టర్ నాబు, మాస్టర్ మీటర్.)

మిక్సర్ నుంచి యాంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులే వాడండి. టీవీ, డీవీడీలకు వాడే ఆర్‌సీఏ కేబుల్ రెండు మూడు మీటర్లు దాటితే బుయ్ అనే కరెంటు మోత పట్టుకుంటుంది. జనరేటర్ వైరు పక్కనే సౌండు కేబుల్ పరిస్తే అది మరీ ఎక్కువ. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. బాక్సులు రోడ్డుకు అటూ ఇటూ ఉన్నప్పుడు మాస్టర్‌ను మోనోలో, అంటే రెండు పక్కలా ఒకే సౌండు వచ్చేలా పెడితే ఏ పక్క నిలబడ్డవారికైనా పాట మొత్తం వినిపిస్తుంది.

మాస్టర్ మీటర్ కూడా సున్నా దగ్గరే ఉండాలి. అప్పటికీ సౌండు చాలకపోతే యాంప్లిఫయర్ నాబు పెంచండి. అదీ చాలకపోతే బాక్సులు చాలలేదని అర్థం. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి. ఆరుబయట దూరం రెండింతలైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి కూడా. అందుకని వెనకవారి కోసం ముందువారి చెవులు చిల్లులు పడేలా పెంచడం కంటే, నడుమ ఇంకో జత బాక్సులు పెట్టడం మేలు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. పండుగ రోజుల్లో అర్ధరాత్రి వరకు సడలించే అధికారం ప్రభుత్వానికి ఉంది, ఏడాదిలో 15 రోజులకు మించకుండా. బయానా తీసుకునేటప్పుడే ఈ మాట చెప్పేయండి, రాత్రి వాదన ఉండదు.

(తెరపై: మాస్టర్ కిందికి దించుతారు. యాంప్లిఫయర్ స్విచ్ మీద చెయ్యి.)

పని ముగించేటప్పుడు మాస్టర్ దించి, ముందు యాంప్లిఫయర్ ఆపండి, తర్వాతే మిక్సర్. మొదలుపెట్టేటప్పుడు దీనికి తిరగబడి: మిక్సర్ ముందు, యాంప్లిఫయర్ చివర. వరస తప్పితే బాక్సుల్లో దభీమని ఒక దెబ్బ పడుతుంది. యాంప్లిఫయర్ ఆపాక కొన్ని సెకన్లు ఆగి, ఆ తర్వాత కేబుళ్లు ఊడదీయండి.