ప్రొఫెసర్లకు పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి?

శ్రోతలందరికీ నమస్కారం. చిన్నపిల్లలకు ఒకటో తరగతి చెప్పాలంటే టీచర్ ట్రైనింగ్ చేశారా అని అడుగుతారు. యూనివర్సిటీలో రెండు వందల మందికి కెమిస్ట్రీ చెప్పాలంటే మాత్రం చాలాచోట్ల పీహెచ్‌డీ ఉంటే చాలు. ఏళ్ల తరబడి ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో గడిపిన మనిషిని ఒకరోజు పొద్దున్నే క్లాసులోకి పంపి, ఇక చెప్పండి సార్ అంటారు. ఆయన ఏం చేస్తారు? తనకు ఎలా చెప్పారో అలాగే చెబుతారు. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఆ పద్ధతిలో నెగ్గుకొచ్చారు కాబట్టే ఆయన ప్రొఫెసరయ్యారు, అదే పద్ధతిలో మధ్యలో జారిపోయినవాళ్లు మళ్లీ ఆ క్లాసు ముఖం చూడరు, వాళ్ల మాట ఆయన చెవిన పడదు.

ఆ క్లాసులో కూర్చున్నవాళ్లను చూడండి. కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లుంటారు, ఇంట్లో ఒక భాష, క్లాసులో ఇంకో భాష అయినవాళ్లుంటారు, సరిగ్గా వినపడనివాళ్లుంటారు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి కూర్చున్నవాళ్లుంటారు. పాఠం వీళ్లందరికీ అందాలంటే ఏం మార్చాలో ముందే ఆలోచించుకోవడమే అందరినీ కలుపుకుపోయే బోధన. దానికి శిక్షణ పెడదామనగానే చాలామంది నిర్వాహకులకు తట్టేది ఒక హాలు, ఒక వక్త, బోలెడు స్లైడ్లు. విద్యార్థుల చేత మాట్లాడించండి అని చెప్పడానికి మూడు గంటలపాటు ఎవరినీ నోరెత్తనివ్వరు! నన్నడిగితే, ఏ పద్ధతి నేర్పుతున్నామో శిక్షణ కూడా ఆ పద్ధతిలోనే జరగాలి, అదీ లెక్చరర్ తన సొంత సిలబస్సు, తన ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని.

ప్రశ్న అడిగి ఆగడమే తీసుకోండి. 1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు స్కూలు క్లాసుల టేపులు విని లెక్కగడితే, టీచర్లు ప్రశ్న వేశాక దాదాపు 1 సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. 3 సెకన్లు ఆగేలా చేస్తే జవాబులు పొడవయ్యాయి, అంతవరకు మాట్లాడని పిల్లలూ గొంతు విప్పారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది గానీ, నిండు క్లాసు ముందు ఊరికే నిలబడటం ఎంత టెన్షనో నిలబడిన వాళ్లకే తెలుసు. ఉపన్యాసం వింటే అది అలవాటు కాదు. తోటి లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని చూసి, "మేడమ్, ప్రశ్న మీరే వేసి జవాబూ మీరే చెప్పేశారు" అంటే అప్పుడు తెలిసొస్తుంది.

ఇదంతా ప్రమాణాలు తగ్గించడమే కదా అని పెద్ద ప్రొఫెసర్లు విసుక్కుంటారు. వాళ్లకు అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితవేత్త చేసిన పని చెప్పాలి. 1970ల్లో అక్కడ నల్లజాతి విద్యార్థులు చాలామంది కాలిక్యులస్‌లో తప్పుతుంటే, వాళ్లకు పట్టుదల లేదనీ ఇంట్లో ప్రోత్సాహం లేదనీ అధ్యాపకులు అనుకున్నారు. ఈయన విద్యార్థుల వెంట ఉండి గమనిస్తే కనిపించింది వేరు. వాళ్లు కష్టపడుతూనే ఉన్నారు, కానీ ఒంటరిగా. చైనా మూలాలున్న విద్యార్థులేమో కలిసి కూర్చుని, ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటూ చదువుతున్నారు. అప్పుడాయన తేలిక లెక్కలతో ట్యూషన్ పెట్టలేదు, ఇంకా కష్టమైన లెక్కలిచ్చి అందరినీ గుంపులుగా కూర్చోబెట్టారు. ఫలితాలు బాగా మెరుగయ్యాయి. తర్వాత 2014లో సైన్సు, ఇంజనీరింగ్, గణిత కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉత్త ఉపన్యాసాల క్లాసుల్లో తప్పేవాళ్లు సుమారు 34 శాతం, విద్యార్థుల చేత పని చేయించే క్లాసుల్లో సుమారు 22 శాతం.

అసైన్‌మెంట్ కాగితం సంగతి కూడా చూడాలి. "విమర్శనాత్మకంగా రాయండి" అని ఒక్క ముక్క పడేస్తాం. అన్నో అక్కో కాలేజీ చదివిన ఇంట్లో పిల్లలకు దాని అర్థం ముందే తెలుసు, మిగతావాళ్లు పుస్తకంలోది ఎక్కించి మార్కులు పోగొట్టుకుంటారు. ఎందుకు రాయిస్తున్నాం, ఏమేం చేయాలి, మార్కులు దేనికి వేస్తాం అన్నది నాలుగు లైన్లలో రాసిస్తే పోయేదేముంది? శిక్షణలో ఒక పూట ఈ కాగితాలను లెక్చరర్లు తమలో తాము మార్చుకుని, వేరే సబ్జెక్టు మనిషి కళ్లతో చదివితే చాలు, లోపాలు వాటంతటవే బయటపడతాయి.

ఇక యాజమాన్యాలకు ఒక మాట. ప్రమోషన్లన్నీ పరిశోధన పత్రాలకే ఇస్తూ, ఆదివారం శిక్షణకు రమ్మంటే మనసుపెట్టి ఎవరొస్తారండీ? దానికి డ్యూటీ గంటలు కేటాయించండి, ఒక్క రోజుతో ముగించకుండా సెమిస్టర్ పొడవునా నడపండి. క్లాసు చూసిన తోటి లెక్చరర్ రాసుకున్న నోట్సు మాత్రం ప్రమోషన్ ఫైల్లోకి పోకూడదు. పోతుందని తెలిస్తే, పరిశీలకుడు వచ్చిన రోజున అందరూ తమకు బాగా వచ్చిన పాఠమే చెబుతారు.