లాంగ్ నోట్‌బుక్‌లో 112 పేర్లు
(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా సంబోధించే పని నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ చేసేశారు కాబట్టి నేను మళ్లీ చెయ్యను. లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "మాస్టారూ, వ్యక్తిత్వ వికాసానికి పుస్తకాలు అనే అంశం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. సరే అన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే ఒక్క ముక్క రాలేదు. ఎందుకంటే నేను డబ్బు పెట్టి కొన్న మొదటి వ్యక్తిత్వ వికాస పుస్తకం పుస్తకాల షాపులో కొన్నది కాదు. 1999లో గుంటూరులో ఒక ఫంక్షన్ హాల్లో, గుమ్మం పక్కన బల్ల వేసి అమ్ముతుంటే కొన్నాను. దాంతోపాటు నాలుగు క్యాసెట్లు అంటగట్టారు. అది చెయిన్ మార్కెటింగ్ కంపెనీ మీటింగు.

అధ్యక్షులవారు క్షమించాలి. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

కంపెనీ పేరు చెప్పను. ఇప్పుడు దాని బోర్డు కూడా లేదు. మా స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీ ఆయనే నన్ను తీసుకెళ్లాడు. ఎక్కడికని అడిగితే "రండి మాస్టారూ, ముందు రండి" అన్నాడే గానీ సంగతి చెప్పలేదు. హాల్లో పాటలు, చప్పట్లు. టై కట్టుకున్న ఒక కుర్రాడు స్టేజీ ఎక్కి, "మీలో నెలకు లక్ష రూపాయలు వద్దనుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఎవరెత్తుతారండీ? నేనూ ఎత్తలేదు. తర్వాత బోర్డు మీద సున్నాలు గీశాడు. మీరు ఆరుగురిని చేర్పిస్తారు, వాళ్లు ఒక్కొక్కరు ఆరుగురిని. ఆరు, ముప్ఫయ్యారు, రెండొందల పదహారు, పన్నెండొందల తొంభై ఆరు. అక్కడ పెన్ను కింద పెట్టేశాడు. చప్పట్లు.

నేను అప్పటికి పదిహేడేళ్లుగా పదో తరగతికి గుణశ్రేఢి చెబుతున్నవాణ్ణి. సుద్దముక్క పట్టుకుంటే పన్నెండో పదం వరకూ ఆగకుండా వేసేవాణ్ణి. ఆ రోజు ఆ కుర్రాడు ఎక్కడ ఆపితే నేనూ అక్కడే ఆగాను. తర్వాతి పదం వెయ్యలేదు. ఈ మాట ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు.

ఇప్పుడు వేస్తాను, వినండి. అలా ఆరేసి చొప్పున పోతే పదో మెట్టులో 6 కోట్ల 4 లక్షల మంది ఉండాలి. పైవాళ్లందరినీ కలిపితే 7 కోట్ల 25 లక్షలు. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం 7 కోట్ల 62 లక్షలు. అంటే ఉయ్యాల్లో పిల్లల దగ్గర్నుంచి మంచం పట్టిన ముసలివాళ్ల దాకా అందరూ చేరిపోవాలి. అప్పుడు పదకొండో మెట్టుకి ఇంకో 36 కోట్ల మంది ఎక్కణ్ణుంచి వస్తారు? ఇంకో సంగతి. దీన్ని ఎక్కడ ఆపినా సరే, మూడో మెట్టులో ఆపినా తొమ్మిదో మెట్టులో ఆపినా, ప్రతి ఆరుగురిలో అయిదుగురు అట్టడుగునే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. వాళ్ల డబ్బే పైకి పోతుంది. కంపెనీ దొంగదా మంచిదా అన్న ప్రశ్నతో పనిలేదు, లెక్కే అంత. పదో తరగతి లెక్క.

కుర్రాళ్లు నవ్వుతున్నారు. నవ్వండి. మీకు ఇప్పుడు బోర్డు మీద సున్నాలు గియ్యరు. ఫోన్‌కి జూమ్ మీటింగ్ లింకు వస్తుంది. మా మేనకోడలు డాలస్‌లో ఉంటుంది. ఇండియన్ స్టోర్‌లో కూరగాయలు ఏరుకుంటుంటే ఎవరైనా "మీరు తెలుగువాళ్లా అండీ" అని మరీ ప్రేమగా పలకరిస్తే, ఇలాంటి స్కీములో చేర్పించడానికేమోనని ట్రాలీ తోసుకుంటూ పక్క వరసలోకి వెళ్లిపోతుందట. పరాయి దేశంలో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచిరావాలి. అలాంటిది భయపడే గతి పట్టింది.

ఏదీ, ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ. ఈ కాగితాలు ఎగిరిపోతున్నాయి.

మన దగ్గర దీని మీద చట్టం లేదనుకోకండి. 1978లోనే ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం వచ్చింది. మనుషుల్ని చేర్పించడం మీద తేలిక డబ్బు వస్తుందని ఆశపెట్టే స్కీము నడపకూడదు. మన పోలీసులు దాన్ని వాడారు కూడా. ఆమ్వే అని, మనుషుల్ని చేర్పించుకుంటూ వాళ్ల చేత సరుకు అమ్మించే కంపెనీ ఉంది. 2006లో సీఐడీ దాని ఆఫీసుల మీద దాడులు చేసింది. కంపెనీ హైకోర్టుకు వెళ్తే, 2007లో కోర్టు ఆ స్కీము చట్టం కిందికే వస్తుందంది. 2014లో కర్నూలు పోలీసులు గుర్‌గావ్ దాకా వెళ్లి దాని సీఈవోని అరెస్టు చేశారు. 2022లో ఈడీ 757 కోట్ల ఆస్తులు అటాచ్ చేసింది. మాది చట్టబద్ధమైన డైరెక్ట్ సెల్లింగేనని, అంటే దుకాణం లేకుండా నేరుగా మనుషుల చేత అమ్మించడమేనని కంపెనీ వాదన. నేను చేరింది అది కాదు కాబట్టి ఆ తగువు కోర్టులకే వదిలేస్తాను. 2019లో ఈబిజ్ అనే నోయిడా కంపెనీ వాళ్లని సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. 5 వేల కోట్ల మోసమన్నారు. అక్కడ ఎక్కువగా మునిగింది కాలేజీ పిల్లలు. 2021 చివర్లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది, డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్ స్కీములు, అంటే ఇందాక నేను లెక్కేసిన మెట్ల స్కీముల్లాంటివి, నడపకూడదని. సంతోషం. సరుకు నిజంగా వాడుకునేవాడికి అమ్మి కమీషన్ తీసుకుంటే ఎవరూ కాదనరు.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు, గుర్తుందా? అంతా ఇరవైల్లో పిల్లలు. వరంగల్, ఖమ్మం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు పనిచేసిన ఆఫీసుకి క్యూనెట్ అనే చెయిన్ మార్కెటింగ్ కంపెనీతో సంబంధం ఉందన్న ఆరోపణలు తర్వాత బయటికొచ్చాయి. టీవీలో ఆ తల్లుల్ని చూసి నేను ఆ రాత్రి అన్నం తినలేదు. అటక మీద నుంచి ఈ పుస్తకం దింపాను.

ఇదిగో. లాంగ్ నోట్‌బుక్. కంపెనీలో చేరిన మర్నాడే మా అప్‌లైన్ దీన్ని కొనమన్నాడు. చేర్పించినవాణ్ణి అప్‌లైన్ అంటారు, చేరినవాడు డౌన్‌లైన్. తెలిసిన ప్రతి ఒక్కరి పేరూ రాయాలి, ఎవరినీ మనమే వద్దనుకోకూడదు. నేను ఒక్క రాత్రిలో 112 పేర్లు రాశాను. మా ఆవిడ పెళ్లి ఆల్బం ముందేసుకుని ఒక్కొక్కరినీ గుర్తుచేసింది. చూడండి, నాలుగు గడులు. పేరు, ఊరు, ఉద్యోగం. నాలుగో గడి పైన ఏముందో చదువుతాను: "ఏం కావాలి." ఆ మనిషికి ఏ అవసరం ఉందో రాయాలి. మాట అక్కడ మొదలుపెట్టాలన్నమాట. మా తోడల్లుడికి ఎదురుగా "స్థలం" అని రాశాను. మా చిన్నక్కకి "అప్పు". పక్కింటావిడకి "అమ్మాయి పెళ్లి".

మూడో పేజీలో మా స్కూల్ అటెండర్ పేరుంది. అతని ఎదురుగా "కూతురు నర్సింగ్ ఫీజు" అని ఉంది. నాకెలా తెలుసు? అంతకు నెల ముందు లాంగ్ బెల్ అయ్యాక నా దగ్గరికొచ్చి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి, ఓ మూడు వేలు అప్పు అడిగాడు. నా దగ్గర లేవన్నాను. నెల తిరిగేసరికి నేనే అతని ఇంటికెళ్లి మంచమ్మీద కూర్చుని సున్నాలు గీశాను. "నాకీ లెక్కలు తెలీవు మాస్టారూ. మీరు లెక్కల మాస్టారు, మీరు చెప్తే అంతే" అన్నాడు. భార్య కమ్మలు తాకట్టు పెట్టి 4,800 కట్టాడు. దానికి వాళ్లకి వచ్చింది సబ్బులు, టూత్‌పేస్టు, ఒక పౌడర్ డబ్బా.

మొత్తం 14 మందిని చేర్పించాను. నాకు కమీషన్ల కింద వచ్చింది 6,300. నేను కట్టిన 4,800, పుస్తకాలు, క్యాసెట్లు, మీటింగ్ టికెట్లు, బస్సు చార్జీలు తీసేస్తే చేతి డబ్బే వదిలింది. ఏడాదిన్నరకి ఆఫీసుకి తాళం పడింది.

పోలీసులకి ఎందుకు చెప్పలేదంటారా? చట్టంలో ఒక మాట ఉంది. నడిపినవాడే కాదు, మనుషుల్ని చేర్పించినవాడూ నేరస్థుడే. మూడేళ్ల దాకా జైలు. అంటే మా తోడల్లుడు స్టేషన్ మెట్లెక్కితే ఫిర్యాదులో మొదట రాయాల్సింది నా పేరు. మా అక్క రాస్తే తమ్ముడి పేరు. ఏ అక్క రాస్తుందండీ? నేను రాయాలంటే స్టాఫ్‌రూమ్‌లో పక్క కుర్చీ ఆయన పేరు. వాళ్లు చుట్టాలతోనే మొదలుపెట్టమన్నది సరుకు అమ్ముడుపోతుందనే అనుకున్నాను. చుట్టాలైతే కేసు పెట్టరు కూడా. ఆ సంగతి నాకు వెలగడానికి చాలా ఏళ్లు పట్టింది. మా తోడల్లుడూ కేసు పెట్టలేదు, గృహప్రవేశానికి మాత్రం పిలవలేదు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లాను. తొమ్మిది మంది తీసుకున్నారు. వాళ్ల పేర్ల పక్కన టిక్కులున్నాయి. ముగ్గురు "ఇప్పుడెందుకులే" అన్నారు. మా తోడల్లుడు తలుపు తియ్యలేదు.

చివరికి అటెండర్ దగ్గరికి వెళ్లాను. అరుగు మీద కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. కూతురు నర్సింగ్ చదవలేదు. టైలరింగ్ చేస్తోంది. కవరు చేతిలో పెట్టబోతే వెనక్కి తోసి, "ఉంచండి మాస్టారూ, మీకూ పోయాయి గదా" అన్నాడు. లోపలికి కేకేసి టీ పెట్టమన్నాడు. పాలు లేవేమో, ఆ అమ్మాయి గ్లాసు పట్టుకుని పక్కింటికి వెళ్లింది.

టీ తాగి వచ్చాను. కవరు ఈ పుస్తకంలోనే ఉంది, ఆ మూడో పేజీలో.

అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు. పుస్తకాల గురించి మాట్లాడమన్నారు, నేను ఈ ఒక్క పుస్తకం గురించే మాట్లాడాను. సెలవు.