రంగం బిందె

అందరికీ నమస్కారం. సముద్రం దాటి పనికి వెళ్ళిన మన పెద్దవాళ్ళ జాడ ఎలా వెతకాలో ఇవాళ చెప్తాను. ముందు ఈ బల్ల మీదున్న ఇత్తడి బిందె సంగతి చెప్తాను. ఇది మా నాయనమ్మ అత్తగారిది. చాలా ఏళ్ళు మా ఇంట్లో దీంట్లో బియ్యం పోసుకున్నాం. ఓ సంక్రాంతికి చింతపండు పెట్టి తోముతుంటే మెడ కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి. మా ముత్తాత పేరు, పక్కన 'రంగం', కింద 1926. అంతే.

ఆయన రంగం వెళ్ళొచ్చాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఏడు వెళ్ళాడు, ఏం పని చేశాడు, ఎందుకు వచ్చేశాడు అంటే ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆయన ఉత్తరాలు, మనియార్డరు కూపన్లు ఒక రేకు పెట్టెలో ఉండేవి. 1996 నవంబరు తుఫానుకి పెట్టె తడిసి ముద్దయింది. అన్నీ దండెం మీద ఆరేశాం. కాగితాలు మిగిలాయి గానీ సిరా పోయింది. ఇత్తడి మీద కొట్టించిన అక్షరాలే నిలిచాయి.

పిల్లలకి తెలియకపోవచ్చు, మన పెద్దవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని రంగం అనేవారు. కాకినాడలో స్టీమరెక్కితే బంగాళాఖాతానికి అవతల రంగం. రైసు మిల్లుల్లో, రేవులో మనవాళ్ళే ఎక్కువగా కనిపించేవారు. అక్కడివాళ్ళు తెలుగువాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారు. ఈ పక్కనే ఉన్న మన కోరంగి పేరే అది. మారిషస్‌లో కూడా తెలుగువాళ్ళకి అదే పేరు పడింది. ఎప్పుడో పూడిపోయిన ఒక రేవు పేరు సముద్రానికి అవతల రెండు దేశాల్లో మన జాతి పేరైపోయింది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నా ఒళ్ళు పులకరిస్తుంది.

నేను మొదట చేసిన పొరపాటు చెప్తాను, మీరు చెయ్యకండి. రెండేళ్ళపాటు మా ముత్తాత పేరు కోసమే వెతికాను. ఎక్కడా దొరకలేదు. దొరకదు కూడా. డెక్కు మీద టిక్కెట్టు కొనుక్కుని పోయేవాణ్ణి లెక్కలో ఒక అంకెగా రాసుకునేవారు తప్ప పేరుతో కాదు. పేరు రాసినా, గుమాస్తా తన చెవికి ఎలా వినపడితే అలా రాసేవాడు, ఇంటిపేరు వదిలేసేవాడు. ఓడకి మాత్రం పేరుంది, యజమాని ఉన్నాడు, వచ్చిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. మద్రాసు పత్రికల్లో ఓడల రాకపోకలు అచ్చయ్యేవి. అందుకని ముందు రేవుని, ఏడుని, ఓడని పట్టుకోండి. మనిషి ఆ తర్వాత వస్తాడు.

రేవు పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పాత కాగితాల్లో 'కాకినాడ' అని వెతికితే ఏమీ రాదు. ఇంగ్లీషువాళ్ళు 'కొకనాడ' అని, 'సి' అక్షరంతో రాసేవారు. ఇప్పటికీ మన రైల్వే స్టేషన్ కోడ్‌లు చూడండి, కాకినాడ టౌన్ సి.సి.టి., కాకినాడ పోర్ట్ సి.ఓ.ఏ. ఆ 'సి' అప్పటిదే. కోరంగి 'కొరింగా' అవుతుంది, నర్సాపురం 'నర్సాపూర్' అవుతుంది. నర్సాపురం వాళ్ళు ఇంకా వెనక్కి కూడా వెళ్ళొచ్చు. 1614లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ అక్కడ మరమ్మతు చేయించుకుంది. ఆ ఊరి వడ్రంగుల చేతిపని గురించి విదేశీ వర్తకులు రాసిపెట్టారు.

ఇక కోరంగి సంగతి. 19వ శతాబ్దం మొదట్లో ఈ తీరంలో ఓడలు కట్టడంలో దీనిదే పెద్ద పేరు. 1802లో ఇక్కడి డాకులోకి ఆల్బట్రాస్ అనే నౌకాదళం ఓడ మరమ్మతుకి వచ్చింది. తర్వాత గోదావరి తెచ్చిన మట్టితో రేవు పూడుకుపోయింది, వ్యాపారం కాకినాడకి వెళ్ళింది. 1789 డిసెంబరు ఉప్పెనలో వరసగా మూడు కెరటాలు వచ్చాయని, 20,000 మంది పోయారని రాశారు. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. కలకత్తాలో ఉండి తుఫానులకి 'సైక్లోన్' అనే పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు.

ఇంట్లో పెద్దవాళ్ళని అడిగేటప్పుడు ఈ ఉప్పెనలు చాలా అక్కరకొస్తాయి. 'ఏ సంవత్సరం' అని అడిగితే మా మేనత్త చిరాకు పడేది. 'ఏ తుఫాను ముందు, ఎవరి పెళ్ళి తర్వాత' అని అడిగితే మాత్రం గడగడా చెప్పేసేది. మీరూ అలాగే అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి, మధ్యలో మాట అందించకండి.

'మా తాత ఓడలో పని చేశాడు' అనే మాటని కూడా కొంచెం విప్పి చూడాలి. కాకినాడలో స్టీమర్లు ఒడ్డుకి వచ్చేవి కావు, లోతు చాలక దూరాన లంగరేసేవి. సరుకూ జనమూ పడవల మీద, బార్జీల మీద వెళ్ళాల్సిందే. కాబట్టి మీ తాత సరంగు, అంటే ఓడ పనివాళ్ళ మీద పెద్ద కావచ్చు, అతని కింద తండేలు కావచ్చు, మామూలు ఓడ పనివాడు కళాసీ కావచ్చు, బార్జీ తోసినవాడు కావచ్చు, ఇక్కడ తాళ్ళరేవులో పలకల సందుల్లో నార కుక్కి గుగ్గిలం పూసినవాడు కావచ్చు. పని మారితే కాగితం దొరికే చోటూ మారుతుంది. సొంతానికి ఓడలున్న షావుకార్ల ఇళ్ళల్లో చిట్టా ఆవర్జాలు, అంటే పాత లెక్కల పుస్తకాలు ఉంటాయి. వాటిని చెదలకి వదిలెయ్యకండి, అమ్మెయ్యకండి. పనివాడికి ఎంత కూలి ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో అందులోనే ఉంటుంది.

యానాం వాళ్ళు అదృష్టవంతులు. ఫ్రెంచివాళ్ళు జననం, పెళ్ళి, మరణం అన్నీ రిజిస్టర్లో ఎక్కించేవారు. మారిషస్ వెళ్ళిన కుటుంబాల వివరాలు అక్కడ మోకా ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, కొందరి ఫోటోలు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో ప్రాణాలు పోగొట్టుకున్న మన నావికుల పేర్లు 6,000 పైచిలుకు ఒక పుస్తకంలో ఎక్కించి, ఒక ప్రతి ముంబయిలో, ఇంకోటి చిట్టగాంగ్‌లో ఉంచారు. బర్మా ఫైళ్ళ కోసం జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి వెబ్‌సైటు 'అభిలేఖ్ పటల్'లో వెతకండి. 1937లో బర్మాని మన దేశం నుంచి విడదీశారు, అది గుర్తుపెట్టుకుని అంతకుముందువీ ఆ తర్వాతవీ విడివిడిగా చూడాలి.

మళ్ళీ మా ముత్తాత దగ్గరికి వస్తాను. మా ఇంట్లో ఆయన్ని 'సరంగు తాత' అనేవారు. ఆ మాట విని పొంగిపోతూ పెరిగాను. పక్క ఊళ్ళో ఒక పెద్దాయన ఇంటికి వేరే పని మీద వెళ్తే మంచినీళ్ళు ఇత్తడి చెంబుతో ఇచ్చారు. చెంబు అంచు కింద అవే చుక్కల అక్షరాలు. 'ర' గుండ్రం చివర చిన్న తోక, అచ్చం మా బిందె మీద ఉన్నట్టే. రంగం, 1926. నా చేతులు వణికాయి. వాళ్ళ నాన్న, మా ముత్తాత కూలీలని పోగుచేసి తీసుకెళ్ళే ఒకే మేస్త్రీ కింద వెళ్ళారట. సరంగు కాదు, రేవులో బియ్యం బస్తాలు మోసేవారట. 'కొట్లాటలయ్యాక ఇద్దరూ ఒకే ఓడలో వచ్చేశారు' అన్నాడాయన.

ఆ కొట్లాటలు పుస్తకాల్లో ఉన్నాయి. 1930 మేలో రంగం రేవులో మన కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరాక మనవాళ్ళు పనిలోకి తిరిగి వెళ్ళేసరికి బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే నెలాఖరున గొడవ లేచి ఎంతోమంది తెలుగువాళ్ళు చనిపోయారు. మా ముత్తాత ఎందుకు వచ్చేశాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయన రంగం గురించి ఇంట్లో ఎందుకు నోరు విప్పలేదో కూడా అర్థమైంది. బస్తాలు మోశాడని తెలిశాక ఆయన మీద నాకు ప్రేమ పెరిగింది.

ఒకే చేతిరాత రెండు ఇళ్ళల్లో దొరికిందంటే, ఆ మేస్త్రీ ముఠాలో ఇంకొందరు కూడా అదే దుకాణంలో సామాను కొని, అదే మనిషి చేత పేర్లు కొట్టించుకుని ఉంటారు. మీ అటకల మీద బిందెలు, చెంబులు, మరచెంబులు ఉంటే దించి, తోమి చూడండి. అక్షరాలు కనిపిస్తే నాకు చూపించండి. 'ర' తోక ఎలా ఉందో పోల్చుకోవడానికి ఈ బిందెని సాయంత్రం దాకా ఈ బల్ల మీదే ఉంచుతాను.